జైల్లో ఉన్న మనవాళ్లకు డిగ్రీ: ఇగ్నోనా, అంబేద్కర్ సార్వత్రికా, ముందు ఇంటరా? ఎవరికి ఏది సరిపోతుంది

తిరుపతిలో ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. హాల్ టికెట్లు, ఫీజు చలాన్లు, జిరాక్సు, బైండింగు ఇవే పనులు. నాలుగేళ్ల కిందట పుత్తూరు వైపు నుంచి ఒకమ్మ వచ్చి, కొంగున ముడేసుకున్న కాగితం విప్పి నా ముందు పెట్టి, "నాయనా, మా పిల్లోడు లోపల ఉండాడు, డిగ్రీ కట్టాలంట, ఏది కట్టాల్నో నువ్వే చూడు" అనింది. లోపల అంటే ఎక్కడో నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మామూలు విద్యార్థికి కట్టినట్టే ఆన్‌లైన్‌లో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఫారం నింపి, ఆమె చేత ఫీజు కూడా కట్టించాను. జైలు సూపరింటెండెంట్ ద్వారా వెళ్లి ఉంటే ఖైదీలకు ఇగ్నోలో ఆ ఫీజే ఉండదని తర్వాత తెలిసింది. అది ఆమె కూలి డబ్బు. ఆ తప్పు ఇంకొకరికి జరగకూడదనే ఈ విషయం అడిగి, చదివి, గేట్ల దగ్గర నిలబడి తెలుసుకుంటూ వస్తున్నాను. ఇప్పుడు ఏడాదికి కొన్ని కుటుంబాలు ఈ పని మీదే నా దగ్గరికి వస్తాయి, అందుకే నాకు తెలిసింది ఒకచోట రాసి పెడుతున్నా.

ఒక మాట ముందే చెబుతాను. ఏ యూనివర్సిటీ గొప్పది అనే ప్రశ్న ఇక్కడ పెద్దగా పనికిరాదు. లోపల మొదలైన చదువు, మనిషి బయటికి వచ్చినప్పుడు ఆయనతో పాటు బయటికి రాగలదా లేదా, నేను చూసేది ఇదే. బెయిల్ వస్తుంది, జైలు మారుస్తారు, చిత్తూరు నుంచి కడపకు పంపుతారు. అలా కదిలినప్పుడల్లా చదువు తెగిపోతే, చదివిన రెండేళ్లు కూడా పోయినట్టే అవుతుంది.

రిమాండా, శిక్ష పడిందా?

కుటుంబాలను నేను మొదట అడిగేది ఇదే. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే, అంటే నూటికి దాదాపు 76 మంది. వీళ్లకు ఎప్పుడు బయటికొస్తారో తెలియదు, రేపే రావచ్చు, మూడేళ్లు పట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 479వ సెక్షన్ ప్రకారం ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడని మనిషి ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం రిమాండులోనే గడిపేస్తే విడుదలకు అర్హత వస్తుంది (మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు ఉన్నా కుదరదు). కాబట్టి చిత్తూరు జిల్లా జైలులోనో సబ్ జైలులోనో రిమాండులో ఉన్న పిల్లాడికి, ఆ జైలుతోనే ముడిపడిన చదువు ఏదీ మొదలుపెట్టకండి. ఇంటర్ లేకపోతే ఇంటర్, ఉంటే ఇగ్నోలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి, నా సలహా ఇంతవరకే. ఆహారం-పోషణ మీద ఒకటి, మానవ హక్కుల మీద ఒకటి ఉన్నాయి. ఆరు నెలల కోర్సుకు రెండేళ్ల వరకు గడువు ఇస్తారు, బయటికొచ్చినా పూర్తి చేసుకోవచ్చు, చదవగలనా లేదా అనేది కూడా ఆయనకే తేలిపోతుంది.

శిక్ష పడినవాళ్ల సంగతి వేరు. మన వైపు వాళ్లను ఎక్కువగా కడప కేంద్ర కారాగారానికో, నెల్లూరు దగ్గర చెముడుగుంటలోని కేంద్ర కారాగారానికో పంపుతారు. అక్కడ ఏడేళ్లు, పదేళ్లు, యావజ్జీవం పడినవాళ్లకు డిగ్రీ, ఆ తర్వాత ఎంఏ కూడా ధైర్యంగా పెట్టుకోవచ్చు. కొన్నేళ్ల కిందట కడప జైలు నుంచే ఒక జీవిత ఖైదీ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎంఏ సోషియాలజీ చదివి బంగారు పతకం తీసుకున్నాడు. కడప వైపు వెళ్లే కుటుంబాలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను, ఎందుకంటే వాళ్లలో చాలామంది ఇది జరిగే పని కాదనుకుంటూనే నా దగ్గరికి వస్తారు.

ఇంటర్ లేకుండా డిగ్రీ గురించి ఆలోచించకండి

పది ఫెయిలై, లేదా తొమ్మిదిలో మానేసి లోపలికి పోయినవాళ్లు ఎక్కువ. వీళ్లకు ఏపీ ఓపెన్ స్కూల్ ఒక దారి, జాతీయ ఓపెన్ స్కూల్ ఇంకో దారి. మన రాష్ట్రంలోనే ఉంటే నేను ఏపీ ఓపెన్ స్కూలే చెబుతాను. తెలుగులో పుస్తకాలు, ఊరికి దగ్గర్లో సెంటర్లు, అడిగితే చెప్పే టీచర్లు దొరుకుతారు. జాతీయ ఓపెన్ స్కూల్ ఎప్పుడు మేలంటే, మనిషి పక్క రాష్ట్రం జైల్లో ఉన్నప్పుడు. మనది మూడు రాష్ట్రాల సరిహద్దు. కుప్పం, పలమనేరు పిల్లలు బెంగళూరు పరప్పన అగ్రహారలో, నగరి, సత్యవేడు వైపు వాళ్లు వేలూరులోనో పుళల్‌లోనో ఉండటం కొత్త కాదు. అక్కడ ఏపీ బోర్డు పరీక్ష రాయించడం తలకు మించిన పని. డిగ్రీకీ ఇదే లెక్క. తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం, మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం మంచివే, కానీ మన పిల్లాడు తమిళంలోనో కన్నడంలోనో పరీక్ష రాయగలడా? పలమనేరు అబ్బాయి ఒకరు కన్నడం గడగడా మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. అలాంటివాళ్లకు ఇగ్నో తప్ప వేరే దారి నాకు కనిపించలేదు.

ఇగ్నో ఎవరికి, ఎవరికి కాదు

ఇగ్నోకు ఉన్న పెద్ద బలం అది దేశమంతా ఉండటం. తీహార్ జైల్లో 1994లోనే స్టడీ సెంటర్ పెట్టింది, తర్వాత చాలా జైళ్లకు విస్తరించింది. ఖైదీలకు ఫీజు మినహాయింపు ఉంది, కాకపోతే దరఖాస్తు జైలు అధికారుల ద్వారానే వెళ్లాలి, నాలాంటి వాళ్ల దగ్గర కట్టకూడదు. ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ చేర్చుకుంటారు, పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు లాగొచ్చు, కోర్టు వాయిదాలతో ఒక పరీక్ష పోయినా కొంప మునగదు. స్టడీ సెంటర్ మార్చుకోవచ్చు, అంటే చిత్తూరులో మొదలుపెట్టి కడపలో కొనసాగించి ఇంటికొచ్చాక ఊరి దగ్గర పూర్తి చేయొచ్చు. నేను మొదట చెప్పిన పరీక్షలో ఇగ్నోకు పూర్తి మార్కులు. బయటికొచ్చాక మిగిలిన సంవత్సరాలకు ఫీజు పడుతుందా అన్నది మాత్రం చేరేరోజే అడిగి రాసిపెట్టుకోండి.

అసైన్‌మెంట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లోపల ఉన్నవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మార్కుల్లో 30 శాతం వీటికే. చేత్తో రాసి, గడువులోపల ఇవ్వాలి. పరీక్ష బాగా రాసి అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపర్ పూర్తి కాదు. తెల్ల కాగితాలు, పెన్నులు లోపల అందుతున్నాయా, రాసినవి ఎవరు తీసుకెళ్లి ఇస్తారు, ఇచ్చినట్టు రసీదు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ జైలు వెల్ఫేర్ ఆఫీసర్‌ను ముందే అడగండి. నేను చూసిన ఒక కుర్రాడి నాలుగు అసైన్‌మెంట్లు మధ్యలో ఎక్కడో పోయాయి, రసీదు లేదు, మళ్లీ రాసి ఇచ్చేసరికి ఒక ఆరు నెలలు వెనక్కి పోయాడు.

బలహీనత భాష. డిగ్రీ పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు మీడియంలో ఇంటర్ వరకు చదివిన మనిషికి, అడగడానికి టీచర్ లేని చోట, రాత్రి పది గంటలకు బ్యారక్‌లో ఇంగ్లీషు ఎకనామిక్స్ పుస్తకం పట్టుకుని కూర్చోవడం మాటలు కాదు. అందుకే ఒక చిన్న పని చేయిస్తాను. ఇగ్నో పుస్తకాలన్నీ ఈ-జ్ఞానకోశ్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆయన తీసుకోవాలనుకుంటున్న సబ్జెక్టులో మొదటి పాఠం ప్రింట్ తీసి ములాఖత్‌కు వెళ్లినప్పుడు పర్మిషన్ అడిగి ఇవ్వండి. తర్వాతి ములాఖత్‌లో ఆ పాఠంలో ఏముందో తెలుగులో చెప్పమనండి. సగం చెప్పగలిగినా సరే, ఇగ్నోలో చేర్చేయండి. బొత్తిగా చెప్పలేకపోతే ఆయన్ను నిందించకుండా వేరే దారి చూడాలి.

అంబేద్కర్ సార్వత్రిక విషయంలో ఇప్పుడున్న చిక్కు

తెలుగులో చదవాలంటే మనసు మొదట ఇటే పోతుంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అనిపించుకుని, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో చదువు మధ్యలో ఆగిన ఎన్నో లక్షల మందికి పట్టా ఇచ్చింది అదే, మా మేనత్త కూడా అంగన్‌వాడీ పని చేసుకుంటూ అక్కడే డిగ్రీ చదివింది. సరళమైన తెలుగులో పాఠాలు, ఇంటర్ తెలుగు మీడియం వాళ్లకు వెంటనే చేతికి అందుతాయి. కడప జైలు బంగారు పతకం వచ్చింది కూడా ఇక్కడి నుంచే.

అయితే విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రాష్ట్ర విభజన పదేళ్లు నిండిన 2024లో ఆంధ్రలో కొత్త ప్రవేశాలు ఆగిపోయాయి. ఇప్పటికే చేరి చదువుతున్నవాళ్లు దయచేసి మానకండి, మిగిలిన పేపర్లు పూర్తి చేసుకోండి. కొత్తగా చేరాలనుకుంటే ఈ ఏడాది ఆంధ్రలో ప్రవేశం ఉందా లేదా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకున్న తర్వాతే మాట్లాడండి, ఎవరో ఏజెంటు చేయిస్తానంటే నమ్మొద్దు. చర్లపల్లిలోనో తెలంగాణలో ఇంకో జైల్లోనో ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, వాళ్లకు నా మొదటి ఓటు అంబేద్కర్ సార్వత్రికకే.

ఇక మిగతా విశ్వవిద్యాలయాల దూరవిద్య. మన ఊళ్లోనే 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది కదా, అక్కడ చేర్చొచ్చు కదా అని అందరూ అడుగుతారు. ఏ విశ్వవిద్యాలయమైనా సరే, దూరవిద్యలో ఫలానా కోర్సు, ఫలానా సంవత్సరానికి యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) దూరవిద్యా విభాగం అనుమతి ఉందా చూడాలి. పేరు చూసి కాదు, కోర్సు చూసి, ఏడాది చూసి. అనుమతి ఉన్నా పరీక్ష ఎక్కడ రాయిస్తారో అడగండి. బయట కాలేజీలో అంటే పోలీసు ఎస్కార్టు కావాలి, రిమాండ్ ఖైదీకి కోర్టు పర్మిషన్ కావాలి, ఒక్కో సెమిస్టర్‌కు అదో టెన్షన్.

వన్ సిట్టింగ్ డిగ్రీ, అంటే ఒక్కసారి పరీక్ష రాస్తే డిగ్రీ ఇప్పిస్తామని గోడల మీద నంబర్లు ఉంటాయి. వాటి జోలికి పోకండి. అసలే పోలీసు రికార్డు ఉన్న మనిషి చేతిలో దొంగ సర్టిఫికెట్ పెట్టడమంటే ఇంకో కేసు చేతిలో పెట్టినట్టే.

లా చదవాలంటారు

ప్రతి రెండో కుటుంబం ఇదే అడుగుతుంది. సొంత కేసు కాగితాలు చదివి చదివి, లోపల ఉన్నవాళ్లకు చట్టం మీద ఆసక్తి వస్తుంది, ఎవరికైనా వస్తుంది. కానీ దూరవిద్య ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, క్లాసులకు వెళ్లి చదివితేనే వకీలుగా చెల్లుతుంది. ఇంజనీరింగ్, నర్సింగ్ లాంటివి కూడా దూరవిద్యలో కుదరవు. న్యాయవాదుల చట్టంలో 24ఏ అనే సెక్షన్ ఒకటుంది, నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో శిక్ష పడినవాళ్లను బార్‌లో చేర్చుకోరు, అయితే విడుదలై రెండేళ్లు గడిచాక ఆ అడ్డు తొలగిపోతుంది. కాబట్టి దారి మూసుకుపోలేదు. ఇప్పుడు లోపల బీఏ పూర్తి చేయనివ్వండి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఎలాగూ డిగ్రీ కావాలి. డిగ్రీ ఉన్నవాళ్లయితే ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ మీద పీజీ డిప్లొమా ఉంది, అది లోపలి నుంచే చదవొచ్చు.

చదివితే ఏమొస్తుంది?

ఇంట్లో నాన్నలు అడిగే ప్రశ్న ఇది, కోపంతో కాదు, అలసిపోయి అడుగుతారు. దీని మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికాలో. అక్కడి ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2013లో, అంతకు ముందు ముప్పై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసింది. జైల్లో ఏదో ఒక చదువు చదివినవాళ్లు మళ్లీ జైలుకు వచ్చే అవకాశం, చదవనివాళ్లతో పోలిస్తే గణాంకాల లెక్కలో 43 శాతం తక్కువ. మామూలు లెక్కలోకి తెస్తే నూటికి సుమారు 13 మంది తగ్గినట్టు. చదువు మీద పెట్టిన ఒక్కో డాలరుకు, మళ్లీ జైల్లో పెట్టే ఖర్చులో నాలుగైదు డాలర్లు మిగులుతాయని కూడా తేల్చింది. చదువుకు ముందుకొచ్చేవాళ్లలో మొదటి నుంచీ పట్టుదల ఉంటుంది కదా, అది చదువు గొప్పా ఆ మనిషి గొప్పా అనే అనుమానం నాకూ వచ్చింది. ఆ పరిశోధకులకూ వచ్చింది, అందుకే ఆ తేడాను సరిచూసిన అధ్యయనాలకు ఎక్కువ విలువ ఇచ్చారు.

ఇదే నివేదికలో మనం పట్టించుకోవాల్సిన ఇంకో అంకె ఉంది. ఉద్యోగం దొరకడం విషయంలో, చేతిపని నేర్చుకున్నవాళ్ల అవకాశం 28 శాతం పెరిగితే, పుస్తకాల చదువు చదివినవాళ్లది 8 శాతమే పెరిగింది (ఈ రెంటి మధ్య తేడా గట్టిగా నిరూపణ కాలేదని వాళ్లే చెప్పారు). అందుకే డిగ్రీనా టైలరింగా అని అడిగితే, రెండూ అంటాను. పగలు జైల్లో నేర్పే వడ్రంగమో కుట్టుపనో వదలొద్దు, రాత్రి పుస్తకం వదలొద్దు. సొంతంగా కొట్టు పెట్టుకోవాలనే ఆలోచన ఉంటే బీఏ కన్నా బీకామ్ నయం, లెక్కలు రాసుకోవడం వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగం కోసం అయితే, శిక్ష పడినవాళ్లకు డిగ్రీ ఉన్నా పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ఆ సంగతి దాచకుండా ఆయనకు చెప్పండి.

అమెరికా వాళ్లు 1994లో ఖైదీలకు కాలేజీ ఫీజు సాయం ఆపేశారు. 2015లో కొన్ని కాలేజీలతో ప్రయోగంగా మళ్లీ ఇచ్చి, 2023 జూలై 1 నుంచి అందరికీ తెరిచారు. ఈసారి పెట్టిన షరతుల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. లోపల సంపాదించిన క్రెడిట్లు (పాసైన పేపర్ల లెక్క), ఆ జైలు ఉన్న రాష్ట్రంలో, కేంద్ర ప్రభుత్వ జైలైతే అక్కడి ఖైదీల్లో ఎక్కువమంది విడుదలయ్యాక ఉండబోయే రాష్ట్రంలో, కనీసం ఒక్క కాలేజీలోనైనా చెల్లాలి. నేను మొదట్లో చెప్పింది కూడా ఇదే, పుత్తూరు అమ్మ కొడుకు నాకు నేర్పిన పాఠం అది. ఆయన మధ్యలో చిత్తూరు నుంచి కడపకు మారాడు, ఇగ్నో కాబట్టి చదువు ఆగలేదు.

ఒప్పుకోకపోతే

ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది, అది విశాఖ జైలు ఖైదీలు వేసిన కేసు. 2000లో మన రాయలసీమలోని కోవెలకుంట్ల సబ్ జైలు కేసులోనూ అదే చెప్పింది. అవి చదువు గురించిన తీర్పులు కావు, కానీ అర్జీ రాసేటప్పుడు పునాదిగా పనికొస్తాయి. ముందు సూపరింటెండెంట్‌కు మర్యాదగా రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. నేను చూసినంతలో చాలా పనులు ఇక్కడే అయిపోతాయి. కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది, ఆదాయంతో పని లేదు. రిమాండులో ఉన్నవాళ్లకు బయట పరీక్ష పడితే కోర్టులో పర్మిషన్ పిటిషన్ వేయించేది కూడా వీళ్ల చేతనే. పరీక్షకు వారం ముందు కాదు, టైంటేబుల్ రాగానే వేయించండి.

శిక్ష తగ్గిస్తారా అని అడుగుతారు. మహారాష్ట్రలో చదువు పూర్తి చేసిన ఖైదీలకు కొన్ని రోజులు తగ్గించిన సందర్భాలు ఉన్నాయి. మన దగ్గర సూపరింటెండెంట్‌ను అడిగి తెలుసుకోండి, దాని మీద ఆశ పెట్టించి మాత్రం చేర్చకండి.

నా దగ్గరికి వచ్చేముందు

పుస్తకాలు ప్రింట్ తీయిస్తే స్పైరల్ బైండింగ్ చేయించొద్దు. ఒక గేటు దగ్గర తీగ ఉందని మొత్తం కట్ట వెనక్కి పంపారు, ఆ తల్లి అంత దూరం వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చింది. దారంతో కుట్టించి అట్ట వేయించండి, నేను ఇప్పుడు అలాగే చేసిస్తున్నా. ఇగ్నో ఇంగ్లీషు పుస్తకం పక్కన అదే సబ్జెక్టుకు తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం ఒకటి పెట్టండి, చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం పాతవైనా దొరుకుతాయి. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాయడం, అర్థం కాకుండా బట్టీ పట్టడం కన్నా ఎంతో తేలిక.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఫొటోలు, ఆధార్ తెచ్చుకోండి. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, జైలు రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి, ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉంటే అది ముందు సరిచేయించాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి ఒక్కరికి యూజీసీ దూరవిద్యా విభాగం వాళ్ల నంబరు, అదే డెబ్ ఐడీ కావాలి, దానికి ముందు చదివిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, అంటే క్రెడిట్ బ్యాంక్ ఐడీ కావాలి, ఆ ఐడీకి ఆధార్‌తో లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ నంబర్ లోపల ఉన్న మనిషిదే అయి ఉంటుంది, సిమ్ ఇంట్లో ఏ డబ్బాలోనో పడి ఉంటుంది. మూడు నెలలు వాడకపోతే నంబరు పోయే ప్రమాదం ఉంది. ఈ రోజే ఆ సిమ్ వెతికి ఏదో ఒక ఫోన్‌లో వేసి, రీఛార్జ్ చేసి ఉంచండి.